డ్యూటీ దిగేలోపు ఒక్క పేరు: ఆసుపత్రి పనిలో కృతజ్ఞతను పట్టుకునే పద్ధతి

జులై నెల, నాట్ల కాలం. రాత్రి రెండున్నరకు 108లో ఒక రైతును తీసుకొచ్చారు. మడికి నీళ్లు పెట్టడానికి వెళ్తే గట్టు మీద కాలికి ఏదో తగిలిందట. చీకట్లో పామును చూడలేదు. చీలమండ దగ్గర రెండు గాట్లు, పైకి పాకుతున్న వాపు. వార్డు బాయ్ స్ట్రెచర్ తోసుకొచ్చి ఆపాడు. నేను పద్ధతి ప్రకారం 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో పోసి, కదపకుండా పక్కన పెట్టాను. 20 నిమిషాలు ఆగి ట్యూబును ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డకట్టకుండా నీళ్లలా జారితే రక్తపింజర లాంటిదాని విషం ఒంట్లోకి ఎక్కినట్టే.

ఆ 20 నిమిషాల్లో నా తలలో తిరిగినవి చెప్తే సిగ్గుగా ఉంటుంది. పొద్దున్నుంచి నిలబడే ఉన్నాను. రావాల్సిన ఇంకో డాక్టర్ రాలేదు. క్యాంటీన్ మూసేశారు. సెలవు చీటీ మూడోసారి తిరిగొచ్చింది. ఇలా లెక్కపెట్టుకుంటూ ట్యూబు వంచాను. రక్తం జారింది. వెనక్కి తిరిగి 'యాంటీవెనమ్' (పాము విషానికి విరుగుడు మందు) అనబోయేసరికి సిస్టర్ అప్పటికే 10 వయల్స్ ట్రేలో పేర్చి, రియాక్షన్ వస్తే వాడటానికి అడ్రినలిన్ సిరంజిలోకి లాగి సిద్ధంగా పెట్టుకుని నిలబడి ఉంది. నేనేమీ చెప్పలేదు. ఆమె డ్యూటీ కూడా నా డ్యూటీ అంతే పొడవు, ఆమె సెలవు చీటీ కూడా తిరిగొచ్చిందని నాకు తెలుసు.

కృతజ్ఞత గురించి నేను మనసుపెట్టి ఆలోచించడం ఆ ట్రే దగ్గరే మొదలైంది. అంతకు ముందు ఆ మాట వింటే డాక్టర్స్ డే నాడు కప్పే శాలువా గుర్తొచ్చేది. తర్వాత కొన్నేళ్లుగా నేను పాటిస్తూ, తప్పుతూ, మళ్లీ మొదలుపెడుతూ వచ్చిన పద్ధతినే ఇక్కడ మెట్లుగా రాస్తున్నాను. హౌస్ సర్జన్లు, స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, పీహెచ్‌సీలో ఒంటరిగా కూర్చునే డాక్టర్లు, ఎవరైనా వాడుకోవచ్చు. రోజుకు పది నిమిషాలు కూడా పట్టదు. చాలావరకు మీరు ఎలాగూ చేసే పనుల్లోనే కలిసిపోతుంది.

ముందుగా: ఫిర్యాదుల పుస్తకం వేరే పెట్టుకోండి

ఇది మొదట చెప్పకపోతే మిగతాదంతా మోసం అవుతుంది. స్టైపెండ్ నెలల తరబడి రాకపోతే చేయాల్సింది స్టైపెండ్ అడగడం. ఒక్క సిస్టర్ 40 మంచాలు చూస్తుంటే కావాల్సింది ఇంకో సిస్టర్. వీటికి 'ఉన్నదానికి సంతోషించు' అని ఎవరైనా సలహా ఇస్తే ఆ సలహా వాళ్లకే ఉంచేయండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను తన వ్యాధుల వర్గీకరణలో చేర్చినప్పుడు దాన్ని జబ్బుగా రాయలేదు. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా సంబాళించకపోతే వచ్చే స్థితి అని రాసింది. ఒళ్లు, మనసు వట్టిపోవడం, పని మీద విరక్తి, ఎంత చేసినా ఏమీ చేయలేదన్న భావన, ఈ మూడూ దాని గుర్తులు. కారణం పనిచోటులో ఉన్నప్పుడు మందంతా మన నోట్‌బుక్కులోనే దొరకదు.

అందుకే నా దగ్గర రెండు పుస్తకాలున్నాయి. ఒకటి ఫిర్యాదులది: తేదీ, సమయం, ఏది లేదు, ఎవరికి చెప్పాను. అడగాల్సినప్పుడు అది తీసుకుని అడుగుతాను. రెండోది ఈ వ్యాసంలో చెప్పేది. రెండూ ఒకే పుస్తకంలో రాస్తే ఒకదాన్ని ఇంకోటి మింగేస్తుంది.

ఇంకొక్క మాట. నిద్ర పూర్తిగా పోయినా, డ్యూటీకి ముందు ఏడుపు వస్తున్నా, చచ్చిపోవాలన్న ఆలోచన తలెత్తినా ఈ మెట్లన్నీ పక్కన పెట్టి ముందు ఒక మనిషితో మాట్లాడండి. టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టర్లు ఫోన్ చేయకూడదని ఎక్కడా లేదు.

మొదటి మెట్టు: విసుగు పుట్టించే పనుల పట్టీ

ఒక కాగితం తీసుకుని మీ డ్యూటీలో రోజూ చేసే పనులన్నీ రాయండి. గొప్ప పనులు వద్దు. ప్రాణం నిలబెట్టిన కథలు ఏడాదికి నాలుగు వస్తాయి, మిగతా రోజులన్నీ ఎలా గడిచాయన్నదే మన ప్రశ్న. నా పట్టీ ఇలా ఉండేది: బీపీలు చూడటం, సెలైన్ ఎక్కించడానికి నరంలోకి కాన్యులా పెట్టడం, కేస్ షీట్ రాయడం, అదే కేస్ షీట్ మళ్లీ కంప్యూటర్‌లో ఎక్కించడం, ల్యాబుకు ఫోన్ చేయడం, డిశ్చార్జి సమ్మరీ, పేషంట్ తాలూకు వాళ్లు ఐదోసారి అడిగిన ప్రశ్నకే ఐదోసారి జవాబు.

ఒక్కో పనికి ఎదురుగా 'ఇది నా చేతికి రావడానికి ముందు ఎవరు ఏం చేశారు' అని ఒక పేరు లేదా ఒక హోదా రాయండి. బీపీ మిషన్‌కు ఎవరు బ్యాటరీలు మార్చారు? కేస్ షీట్‌లో అంతకు ముందు పేజీ ఎవరు రాశారు? చాలా గడులు ఖాళీగా మిగులుతాయి. నాకైతే మూడొంతులు ఖాళీ. ఆక్సిజన్ సిలిండర్లు రాత్రిపూట ఎవరు మారుస్తారో పదేళ్లు పనిచేసిన చోట నాకు తెలియదు. ఆ ఖాళీలే మీ పని పట్టిక. వారం రోజులు వాటిని నింపడం తప్ప ఇంకేమీ చేయొద్దు. ఎవరికీ థాంక్స్ చెప్పొద్దు, ఏదో ఫీలవ్వాలని ప్రయత్నించొద్దు. తెలుసుకోండి చాలు.

రెండో మెట్టు: చేతులు కడుక్కునే సమయం

కొత్త అలవాటును పాత అలవాటుకు ముడివేస్తే నిలబడుతుంది. మనకు రోజుకు యాభైసార్లు చేసే పని ఒకటి ఉంది, చేతులు శుభ్రం చేసుకోవడం. శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు రుద్దాలి. నిజం చెప్పుకోవాలంటే మనలో చాలామంది అంతసేపు రుద్దం. ఈ మెట్టు వల్ల కనీసం ఆ లాభమైనా ఉంటుంది.

ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లే ముందు చేతులు రుద్దుకునేటప్పుడు, ఇప్పుడే చూసిన పేషంట్‌లో ఒక్క చిన్న విషయం గుర్తు చేసుకోండి. ఊపిరి నిన్నటికంటే తేలిగ్గా ఉంది. ముసలామె మనవరాలి పేరు చెప్పింది. పంటి బిగువున నొప్పి ఓర్చుకుని చెయ్యి కదపకుండా ఉంచాడు. అంతే. ఏమీ దొరక్కపోతే వట్టిగా చేతులు రుద్దుకుని ముందుకెళ్లండి.

చేతులు కడుక్కోమని చెప్పిన సెమ్మెల్‌వైస్‌కు ఏం దక్కిందో కూడా అప్పుడప్పుడు తలుచుకుంటాను. 1847లో వియన్నా ఆసుపత్రిలో, శవపరీక్ష చేసిన చేతులతోనే కాన్పులు చేయడం వల్ల బాలింతలు జ్వరంతో చనిపోతున్నారని గ్రహించి, క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించాడు. చావులు ఒక్కసారిగా తగ్గాయి. తోటి డాక్టర్లు మెచ్చుకోలేదు సరికదా ఎదురు తిరిగారు. 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు. మన శానిటైజర్ సీసా ఆయన తాలూకు బాకీ.

మూడో మెట్టు: ఒక వస్తువును పట్టుకుని వెనక్కి నడవండి

వారానికి ఒకసారి చాలు, కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. మీ చేతిలో రోజూ ఉండే ఒక వస్తువును తీసుకుని అది ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి తెలుసుకుంటూ పోవాలి. విన్నదాన్ని సరిచూసుకోవాలి, ఊహించకూడదు.

నేను మొదట యాంటీవెనమ్ వయల్‌తోనే మొదలుపెట్టాను. మన దేశంలో వాడేది నాలుగు పాముల విషానికి పనిచేసేది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. దాన్ని గుర్రాల రక్తం నుంచి తీస్తారు. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే దాని ఒంట్లో విరుగుడు పుడుతుంది, ఆ ప్లాస్మాను శుద్ధి చేసి పొడిగా మార్చి సీసాల్లో నింపుతారు. తయారుచేసే కంపెనీల్లో ఒకటి మన తెలంగాణలోనే ఉంది. మరి గుర్రానికి ఎక్కించే విషం ఎక్కడిది? చాలాకాలంగా అందులో పెద్ద భాగం చెన్నై దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తోంది. ఒకప్పుడు వాళ్లు పాము చర్మాల వ్యాపారం మీద బతికేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ బతుకు పోయింది. 1978లో సంఘం పెట్టుకుని, పాములను పట్టి, కొన్ని వారాలు ఉంచుకుని విషం తీసి, తిరిగి వదిలేయడం మొదలుపెట్టారు. ఆ తెగకు చెందిన మాసి సడైయన్, వడివేల్ గోపాల్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

అంటే ఆ రాత్రి నా ట్రేలో ఉన్న 10 వయల్స్ వెనుక, పుట్టలో చెయ్యి పెట్టిన మనిషి ఒకడున్నాడు. గుర్రాన్ని మేపినవాడున్నాడు. ఎండల్లో చల్లదనం తప్పకుండా పెట్టె మోసిన డ్రైవర్ ఉన్నాడు. స్టాకు అయిపోకముందే మందులు కావాలని ఇండెంట్ రాసిన ఫార్మసిస్ట్ ఉన్నాడు. క్యాంటీన్ మూసేశారని నేను గొణుక్కుంటున్నప్పుడు వీళ్లంతా నా పక్కనే వరుసగా నిలబడి ఉన్నారు.

ఇంకో రెండు వస్తువులు చెప్తాను, ఇవి మీరూ రోజూ ముట్టుకునేవే.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్. లీటరు నీళ్లలో కలిపే ఉప్పులు, గ్లూకోజ్, ఇంతే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చినప్పుడు బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అక్కడున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, కప్పుతో తాగించమని పేషంట్ల బంధువుల చేతికే ఇచ్చేశారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి. పిల్లల వార్డులో అర్ధరాత్రి బిడ్డకు చెంచాతో పడుతున్న తల్లిని చూసినప్పుడల్లా, మన వృత్తిలో అతి గొప్ప వైద్యాల్లో ఒకటి చేసింది అటెండెంట్లేనని గుర్తొస్తుంది. వాళ్ల మీద అరిచే ముందు గుర్తొస్తే ఇంకా బాగుండేది, అది అన్నిసార్లూ జరగలేదు.

బోదకాలు రాకుండా మింగించే డీఈసీ మాత్ర. గోదావరి జిల్లాల్లో పనిచేసినవాళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు, ఆశ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఎదురుగా నిలబడి మింగిస్తారు. ఆ మందు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలలో, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం నుంచి వచ్చింది. ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ వెనుక కూడా ఆయన పనే ఉంది. 1948లో అక్కడే పోయారు. ఆయన మాత్ర ఆయన పుట్టిన సీమకే తిరిగొచ్చింది. ఈ సంగతి చెప్తే మా ఆశ ఒకామె 'అయితే మనోడి మాత్రేనా' అని నవ్వి, మర్నాడు నుంచి ఇంటింటా ఆ మాటే చెప్పి మింగించింది. మింగనని మొండికేసే తాతలు కూడా మింగారట.

మీ వంతుకు ఏది ఎంచుకుంటారో మీ ఇష్టం. గ్లవ్స్, పల్స్ ఆక్సీమీటర్, ఆటోక్లేవ్ నుంచి వెచ్చగా వచ్చిన ట్రే. 108 కూడా మంచి ఎంపిక. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. అంతకు ముందు మన ఊళ్లలో కాన్పు నొప్పులొస్తే ట్రాక్టరో, ఆటోనో, ఎద్దులబండో ఏం దొరికేదో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

నాలుగో మెట్టు: వారానికి రెండుసార్లు, మూడు వాక్యాలు

రోజూ రాయమని చాలామంది చెప్తారు. నేను చెప్పను. రోజూ రాస్తే అది ఇంకో కేస్ షీట్ అవుతుంది, కాపీ పేస్ట్ మొదలవుతుంది. హాంకాంగ్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసే 102 మంది ఆరోగ్య సిబ్బందితో ఒక అధ్యయనం జరిగింది, 2015లో అచ్చయింది. కొందరితో పనికి సంబంధించి కృతజ్ఞత కలిగిన సంగతులు, కొందరితో చిరాకు పెట్టిన సంగతులు రాయించారు, మూడో గుంపు ఏమీ రాయలేదు. వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలే. కృతజ్ఞత రాసినవాళ్లలో ఒత్తిడి, కుంగుబాటు తగ్గాయి, మూడు నెలల తర్వాత చూసినా ఆ తేడా కనిపించింది. ఒక్క అధ్యయనంతో ఒట్టు పెట్టలేం గానీ, నాలుగు వారాలు ప్రయత్నించి చూడటానికి ఆ మాత్రం ఆధారం చాలు.

జేబులో పట్టే చిన్న పుస్తకం కొనండి. ఫోన్‌లో వద్దు, ఫోన్ తెరిస్తే వాట్సాప్ గ్రూపులో రోస్టర్ గొడవ కనిపిస్తుంది. మూడు వాక్యాలు రాయాలి: ఎవరు, ఏం చేశారు, అది లేకపోతే ఏమయ్యేది. మూడోదాన్ని వదలొద్దు, బలమంతా అందులోనే ఉంది.

నా పుస్తకంలో మొదటి వారం రాతలు చూస్తే నవ్వొస్తుంది. 'ఈ పవిత్ర వృత్తిలో ఉన్నందుకు కృతజ్ఞతలు.' ఇది సభలో బాగుంటుంది, పుస్తకంలో చచ్చిన వాక్యం. 'ఆరోగ్యంగా ఉన్నందుకు దేవుడికి దండం.' ఇది దేవుడి గదిలో చెప్పుకోవచ్చు. ఆరో వారంలో రాసింది చూడండి: 'రాత్రి 2.40. సిస్టర్ నా ఆర్డర్ చదివి, రెండు ఇంజెక్షన్ల పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి, మీరు రాసింది ఇదేనా మేడం అని అడిగింది. నేను తప్పు రాశాను. ఆమె అడగకపోతే ఆ పిల్లకు ఏమయ్యేదో రాయడానికి చెయ్యి ఆడటం లేదు.'

ఇలాంటిది రాసుకోవడం కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే మన తప్పు కూడా పక్కనే కనిపిస్తుంది. అయినా రాయండి. ఎవరికి రుణపడ్డామో నిజంగా తెలిసేది మనం జారిన చోటే.

ఒక హెచ్చరిక: పేషంట్ పేరు, మంచం నంబరు, ఊరు రాయొద్దు. 'బీడీ వాసన తాత', 'ఎర్ర గాజుల అమ్మాయి' అని మీకు గుర్తుండేలా రాసుకోండి. ఫొటోలు తీయొద్దు, స్టేటస్‌లో పెట్టొద్దు. స్టేటస్‌లో పెట్టిన మరుక్షణం అది మెప్పు కోసం అయిపోతుంది, పైగా పేషంట్ గుట్టు బజారున పడుతుంది.

ఐదో మెట్టు: నోటితో చెప్పడం

ఇక్కడ మన తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. 'కృతజ్ఞతలు' అన్న మాట మైకు ముందు తప్ప మన నోట రాదు. 'ధన్యవాదాలు' ప్రకటనల్లోది. 'థాంక్స్' అంటే మరీ తేలిక, ఆటో దిగుతూ కూడా అంటాం. సొంత మనుషులకు థాంక్స్ చెప్తే 'నాకెందుకు చెప్తున్నావు, నేను పరాయిదాన్నా' అని నొచ్చుకునే ఇళ్లు మనవి. మన భాషలో కృతజ్ఞత ఎప్పుడూ దీవెనగానో, తలపోతగానో వస్తుంది. 'చల్లగా ఉండు నాయనా', 'నీ పుణ్యమా అని గట్టెక్కాం', 'నీ మేలు మర్చిపోలేను.' ఇవి పెద్దవాళ్లకు నప్పుతాయి, ముప్ఫై ఏళ్ల డాక్టర్ వార్డు బాయ్‌తో అంటే నాటకంలా ఉంటుంది.

నేను పట్టుకున్న దారి ఇది. ఆ మాటనే వదిలేసి, జరిగిన పనిని చెప్పేయడం. ఒకరోజు ల్యాబ్ నుంచి టెక్నీషియన్ ఫోన్ చేసి, 'మేడం, మీ కిడ్నీ పేషంట్ పొటాషియం 7.1 వచ్చింది, రిపోర్టు ప్రింటయ్యేదాకా ఆగలేక చేస్తున్నా' అన్నాడు. రక్తంలో పొటాషియం అంత పెరిగితే గుండె ఆగిపోవచ్చు. ఈసీజీ తీస్తే అలలు మారిపోయి ఉన్నాయి. వెంటనే కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చాం, ఇన్సులిన్, గ్లూకోజ్ పెట్టి డయాలసిస్‌కు పంపాం. పేషంట్ బతికాడు. డ్యూటీ దిగేముందు ల్యాబుకు నడిచి వెళ్లి చెప్పాను: 'అన్నా, నువ్వు ఫోన్ చేసినప్పటికి ఈసీజీ పాడైపోయి ఉంది. ఇంకో అరగంట ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదు. ఇప్పుడు లేచి కూర్చుని టీ అడుగుతున్నాడు.' అతను చేతిలో పని ఆపి, 'టీ అడిగాడా' అన్నాడు. ల్యాబులో ఉండేవాళ్లకు నంబర్లే కనిపిస్తాయి, మనుషులు కనిపించరు. ఆ నంబరు తర్వాత ఏమైందో వాళ్లకు ఎవరూ చెప్పరు. చెప్పడమే వాళ్లకు మనం ఇవ్వగలిగింది.

కొన్ని జాగ్రత్తలు. అదే షిఫ్టులో చెప్పండి, మర్నాటికి చల్లారిపోతుంది. కుదిరితే నలుగురి ముందు చెప్పండి, ముఖ్యంగా ఆయమ్మలకు, స్వీపర్లకు. వాళ్లను నలుగురి ముందు తిట్టడమే మన దగ్గర ఆనవాయితీ కాబట్టి. పేరుతో, వరసతో పిలవండి. పొగిడిన వెంటనే ఇంకో పని చెప్పకండి, ముందు మాట విలువ అక్కడికక్కడే పోతుంది. 108లో వచ్చే టెక్నీషియన్‌నూ, పైలట్‌నూ (డ్రైవర్‌ను వాళ్లు అలాగే పిలుస్తారు) మర్చిపోవద్దు. వాళ్లు పేషంట్‌ను దించి వెళ్లిపోతారు, కథ ముగింపు వాళ్లకు తెలియదు.

ఆరో మెట్టు: వచ్చిన దండాన్ని సరిగ్గా తీసుకోవడం

చెప్పడం కంటే తీసుకోవడం కష్టం. పేషంట్లు దండం పెడతారు. కాళ్లకు మొక్కబోతారు. 'మీ హస్తవాసి మంచిది తల్లీ' అంటారు. సంచిలో జామకాయలో, తేగలో తెస్తారు. డబ్బు తెచ్చేవాళ్లూ ఉంటారు. డబ్బు విషయంలో ఆలోచించాల్సిందేమీ లేదు, వద్దు. తేగలు సిస్టర్ల గదికి పంపితే అందరికీ వస్తాయి.

'మీరే దేవుడు' అన్నప్పుడు నేను చాలాకాలం ఇబ్బందిపడి నవ్వేసి తప్పించుకునేదాన్ని. ఇప్పుడు ఒక్క క్షణం నిలబడి, 'బాగా తగ్గింది, సంతోషం. రాత్రంతా మీ సెలైన్ చూసుకున్నది ఆ సిస్టర్, ఆమెకు కూడా చెప్పండి' అని వేలు పెట్టి చూపిస్తాను. నా మీద నుంచి కొంత బరువు దిగుతుంది, ఆమెకు రావాల్సింది ఆమెకు చేరుతుంది.

దేవుడన్న మాటను ఒంటికి పట్టించుకుంటే ప్రమాదం కూడా. అదే వాకిట్లో, పేషంట్ పోయిన రోజు డాక్టర్ చొక్కా పట్టుకున్న చేతులను మనం చూశాం. అందరూ వల్లించే 'వైద్యో నారాయణో హరిః' ముందు వాక్యంతో కలిపి చదివితే వేరేగా వినిపిస్తుంది. ఒళ్లు శిథిలమై, జబ్బు కమ్మేసినప్పుడు ఔషధం గంగాజలమే, వైద్యుడు ఆ నారాయణుడే అని. డాక్టర్ దేవుడని అర్థం చెప్పేవాళ్లు ఉన్నారు. చివరికి వచ్చేసరికి దేవుడే డాక్టర్, మన చేతిలో ఏమీ లేదు అని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఐసీయూలో పనిచేసినవాళ్లకు రెండో అర్థమే దగ్గరగా అనిపిస్తుంది.

ఏడో మెట్టు: పేషంట్ పోయిన రోజు

ఆ రోజు పుస్తకం తెరవకండి. చావులో మంచి వెతకమని చెప్పడం నాకు నచ్చదు, వెతకాలని మనసును బలవంతపెడితే అది మొద్దుబారుతుంది. మరణం ప్రకటించండి, ఇంటివాళ్లకు కూర్చోబెట్టి చెప్పండి, కాగితాలు పూర్తి చేయండి, మంచినీళ్లు తాగండి, అంతే.

రెండు మూడు రోజుల తర్వాత మనసు కుదుటపడితే, అప్పుడు ఒక ప్రశ్న వేసుకోవచ్చు: ఆ చివరి గంటల్లో మంచిగా జరిగింది ఏదైనా ఉందా? నొప్పి తెలియకుండా చేయగలిగామా? దుబాయ్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్‌లో మాట్లాడించిన నర్సు ఎవరు? పోయాక ఒళ్లు తుడిచి, కళ్లు మూసి, చీర సర్దిన ఆయమ్మ ఎవరు? ఉంటే రాయండి, లేకపోతే ఖాళీ వదిలేయండి. నా పుస్తకంలో ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి.

పోయినవాళ్లకు మనం పడ్డ బాకీ ఇంకోటుంది. మొదటి ఏడాది అనాటమీ హాల్లో మనకు పాఠం చెప్పిన మనిషికి పేరు లేదు, టేబుల్ నంబరే. హౌస్ సర్జన్సీలో నేను నాలుగుసార్లు గుచ్చి నరం దొరక్క చెమటలు పట్టినప్పుడు, 'కంగారుపడకమ్మా, ఈ చెయ్యి చూడు' అని రెండో చెయ్యి చాపిన తాత మూడు రోజులకే పోయాడు. ఇవాళ నేను చీకట్లో కూడా నరం పట్టగలనంటే ఆయన చెయ్యి వల్ల.

మీరు యూనిట్ చీఫ్ అయితే

పోస్టర్లు అంటించకండి, 'కృతజ్ఞతా బోర్డు' పెట్టి పేర్లు రాయమని హుకుం వేయకండి. ముందు రోస్టర్ సరిచేయండి. తర్వాత పొద్దున డ్యూటీ మారేటప్పుడు, రాత్రి బృందంలో ఎవరో ఒకరు చేసిన ఒక పనిని ఒక్క వాక్యంలో చెప్పండి. మీ నోటి నుంచి రావాలి, పీజీతో చెప్పించకూడదు.

మధ్యలో ఆగిపోతే

ఆగిపోతారు. పరీక్షలు, డెంగీ సీజను, ఇంట్లో పెళ్లి, ఏదో ఒకటి వస్తుంది. నాకు ఒకసారి ఎనిమిది నెలలు ఆగింది. పోయిన రోజులను నింపబోకండి, ఈ రోజు తేదీ వేసి మొదలుపెట్టండి. రాస్తున్నా ఏమీ అనిపించడం లేదంటే అది తప్పు కాదు. చూడటం మన చేతిలో ఉంది, అనిపించడం దాని సమయానికి అది వస్తుంది. మూడు వారాలుగా రాసినా చిరాకే పెరుగుతుంటే ఫిర్యాదుల పుస్తకం తెరిచి చూడండి. అందులో ఎవరికీ చెప్పకుండా ఉండిపోయింది ఏదో ఉండి ఉంటుంది.

ఆ పాము కాటు రైతు సంగతి. ఆరు గంటల తర్వాత మళ్లీ ట్యూబు పరీక్ష చేస్తే రక్తం గడ్డకట్టింది. వారంలో ఇంటికెళ్లాడు. నా పుస్తకంలో ఆ రాత్రి పేజీలో సిస్టర్ పేరుంది, ఫార్మసిస్ట్ పేరుంది, ఇరుళ సంఘం గురించి తర్వాత తెలుసుకుని రాసిన నాలుగు వాక్యాలున్నాయి. బాగా రాశాననే అనుకున్నాను.

నెల తర్వాత ఆయన ఓపీకి వచ్చాడు. కాలి పుండు మానుతోంది. భార్య చేతిలో సంచి, సంచిలో మొక్కజొన్న పొత్తులు. నాకు దండం పెట్టి, వెంటనే అటూ ఇటూ చూసి, 'ఆ అబ్బాయి లేడా మేడం' అన్నాడు. ఏ అబ్బాయి అన్నాను. 'బండి తోసుకొచ్చిన అబ్బాయి. మీరు ఆ గాజు గొట్టం చూస్తున్నంతసేపూ నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. మా ఊరి గురించి, పంట గురించి అడుగుతానే ఉన్నాడు, నన్ను నిద్రపోనీయలేదు.'

వార్డు బాయ్ మధ్యాహ్నం షిఫ్టుకు వస్తాడని చెప్పాను. వాళ్లు బయట వేపచెట్టు కింద కూర్చుని రెండు గంటల దాకా ఆగారు. నేను ఓపీ మధ్యలో పుస్తకం తీసి జులై పేజీకి వెళ్లాను. రాసిన వాక్యాలకు పక్కన మార్జిన్‌లో కొంచెం ఖాళీ ఉంది, అతని పేరు అక్కడ ఇరికించి రాశాను.